తనిఖీ కార్డు

"పెంపకానికిచ్చిన పిల్లను చూడబోయే ముందు ఆ ఇంటికి కార్డు రాయాలి. ఈ పాత రూలు ఇట్లనే ఉండనీ," అన్నారు ప్రొఫెసర్ నరహరి. క్యాంపస్‌లోని తన గదిలో ఆయన శిశు సంక్షేమ ఉద్యోగుల నిబంధనలు తిరగరాస్తున్నారు.

"మొన్న తార్నాక పిల్ల, మళ్ల ఎప్పుడొస్తరని అడిగింది సార్," అంది ఉద్యోగిని రాహేలు.

"నువ్వంటే ఇష్టమన్నమాట."

"కాదు సార్. నేనొస్తనని ఇంటికి కార్డు అందితే, గా రోజు పిల్లను కొట్టరంట."

ఆయన కలం ఆగింది.

"చెప్పకుండ ఎట్ల పోతమమ్మా? పెద్దమనుషుల ఇండ్లు," అంటూ కాగితం తిప్పారు.

సాయంత్రం రాహేలు తార్నాక పోస్టాఫీసులో గుప్పెడు కార్డులు కొని, అన్నిటిమీదా ఆ పిల్ల ఉన్న ఇంటి చిరునామా వేసి, ‘రేపు వస్తున్నాను’ అని రాసింది. ఒకటి డబ్బాలో వేసి, మిగతావి రోజుకొకటి వేద్దామని సంచిలో పెట్టుకుంది.