కొలవని ముప్పై

"మొకం ఎత్తి మాట్లాడు సారూ!" అంటూ లసుమవ్వ బల్లను అరచేత్తో చరిచింది. "కంప్యూటర్‌ల జూసుకుంట నాకేం జెప్తవ్? మనిషిని జూసి చెప్పు."

గుమాస్తా భూమేశ్వర్ ఉలిక్కిపడి తలెత్తాడు.

ఆర్మూరులోని ఆ ఫంక్షన్ హాలును ఆ రోజు వికలాంగుల అప్పీలు క్యాంపుకు ఇచ్చారు. నిన్నటి పెళ్లి తాలూకు బంతిపూలు స్తంభాలకు ఇంకా వేలాడుతున్నాయి. వాటి కింద సర్టిఫికెట్లు పట్టుకున్న మనుషులు పొద్దున ఎనిమిది నుంచి నిలబడి ఉన్నారు.

"అదే చెప్తున్న అవ్వా. పోయిన క్యాంపుల డాక్టరు సారు ముప్పై శాతం వేసిండు. నలభై ఉంటెనే పింఛన్. ఆయన జూసే వేసిండు గదా?"

"ఏం జూసిండు? ఎదురుంగ కూసోని ఐదు నిమిషాలు ముచ్చట వెట్టిండు. మిషన్ ఖరాబైందన్నడు. ముప్పై అని రాసిండు. కొల్వకుంటనే ముప్పై ఎట్లొచ్చింది సారూ? పసుపు దెస్తె కాంట వెట్టకుంట తూకం రాస్తరా మన మార్కెట్ల?"

వరుసలో ఎవరో నవ్వారు. భూమేశ్వర్ నవ్వలేదు.

లసుమవ్వ వెనక ఆమె భర్త గంగాదాస్ చేతికర్ర మీద బరువు మోపి నిలబడ్డాడు. అతణ్ణి చూసి అటెండర్ రాజేశ్ చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు.

"కూసో తాతా."

"నాకెందుకు బిడ్డా," అని గంగాదాస్ పక్కకు జరిగాడు.

"పట్టింపులకేం తక్కువ లేదు," అని గొణుక్కుంటూ రాజేశ్ కుర్చీని వెనక్కి తిప్పాడు.

భార్యాభర్తలిద్దరూ ఇరవై ఏళ్లు పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ముల దగ్గర కూలి చేశారు. పోయిన సీజన్లో తిరుగుతున్న డ్రమ్ముకు జానెడు దూరంలో ఒక చావు తప్పింది. మర్నాడే యజమాని ఇద్దరినీ రావద్దన్నాడు. ఆ తరువాత ఏ యజమానీ పిలవలేదు. నలభై అన్న అంకె పడితే తప్ప ఈ వానాకాలం ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"ఇది ఆఖరు మోక అవ్వా," అన్నాడు భూమేశ్వర్. "గీసారి కూడ ముప్పై వస్తె మల్ల అప్పీలు లేదు. దేవునికి మొక్కుకో."

"దేవుడొచ్చి సంతకం వెడ్తడా? వెడ్తనంటె ఇప్పుడే మొక్కుత."

భూమేశ్వర్ చీటీ ఇచ్చి కుర్చీలు చూపించాడు. ఆమె వెళ్లి మొదటి వరుసలో కూర్చొని, అతణ్ణే కొరకొరా చూడసాగింది.

"నూట పన్నెండు!" అని వెనక నుంచి రాజేశ్ పిలిచాడు.

ఆమె కదల్లేదు.

"నూట పన్నెండు! లసుమవ్వా!"

ఆమె చూపు భూమేశ్వర్ మీదనే ఉంది. గంగాదాస్ భుజం తట్టాక లేచింది.

"గింత కోపముంటె పనులెట్లయితయ్ అవ్వా?" అని రాజేశ్ ఆమె వెనకే నడుస్తూ అన్నాడు. ఆమె వెనుదిరిగి కూడా చూడలేదు.

ఈసారి క్యాంపుకు వచ్చిన డాక్టర్ రూత్ బల్ల ముందుకు వారు చేరగానే కరెంటు పోయింది. కిటికీ పక్కనే జనరేటర్ రంకె వేసింది. బల్ల మీది పెన్నులు వణికాయి.

డాక్టర్ తల అడ్డంగా ఊపారు. "జనరేటర్ నడుస్తుండగా మిషన్ పెట్టలేం."

"మల్ల గదే కతనా!" లసుమవ్వ గొంతు జనరేటర్‌ను మించి లేచింది. "డాక్టరమ్మా, ముందుగాల మీ మిషన్‌కే ఇయ్యుండ్రి సర్టిఫికెట్. దానికైతె వందకు వంద వస్తయ్!"

డాక్టర్ పెదవుల మీద నవ్వు కదిలింది. ఫైలు తెరిచి, మామూలు గొంతుతోనే అడిగారు. "ఎన్నేళ్ల నుంచి?"

"ఆఁ?" అని గంగాదాస్ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

కాగితాలు తెచ్చిన భూమేశ్వర్ ముందుకు వంగాడు. "ఏంది మేడమ్?"

"ఆరేండ్ల సంది," అంది లసుమవ్వ, డాక్టర్ పెదవులనే చూస్తూ.

రాయబోతున్న పెన్ను ఆగింది. డాక్టర్ గొంతు ఇంకా తగ్గించారు. "ఏ ఊరమ్మా మీది?"

"పుట్టింది సిరికొండ కాడ. ఉండేది గీడనే, ఆర్మూర్ల."

భూమేశ్వర్ బిత్తరపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతనికి ఒక్క ముక్క అందలేదు.

"ఇంత మోతలో నా మాట నీకెట్లా అందుతోంది?"

"గిదొక మోతనా? ఇరవై ఏండ్లు డ్రమ్ముల కాడ జేసిన. పక్కన మనిషి ఏమంటుండో తెల్వకపోతె ఆడ చెయ్యి వోతది."

"పోయినసారి డాక్టరుతో కూడా ఇట్లాగే మాట్లాడావా?"

"మరి? అడిగినవన్ని టకటక జెప్పిన. మర్యాదగ జవాబిచ్చినందుకు గీ ముప్పై!" అంటూ ఆమె సర్టిఫికెట్‌ను బల్ల మీదికి విసిరింది.

డాక్టర్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ఇప్పుడు ఆమె ముఖం కూడా కోపంతో ఎర్రబడింది.

కరెంటు వచ్చింది. జనరేటర్ ఆగిపోయింది. హాలు ఎంత సద్దుమణిగిందంటే, పైన ఫ్యాను రెక్కల చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది.

"ఇగ వెట్టుండ్రి మిషన్," అంది లసుమవ్వ.

"తప్పకుండా పెడతాను. దానికంటే ముందు ఒక్క ప్రశ్న అడగాలి."

డాక్టర్ రూత్ ఫైలును తన నోటికి అడ్డంగా పెట్టుకొని, హాలు చివరి వరుసలోని వారు కూడా తలలు తిప్పి చూసేంత గట్టిగా "అమ్మా, నీ పేరేమిటి?" అని మూడుసార్లు అడిగారు. లసుమవ్వ మాత్రం, ఈ డాక్టరమ్మ ఆ ప్రశ్న ఎప్పుడు అడుగుతుందా అని ఎదురుచూస్తూ నిలబడింది.