ఏడో నంబరు మనిషి

ఉదయం తొమ్మిదిన్నరకు డిజైనరు ముసలివాడైపోయాడు.

చేతులకు మందపాటి గ్లౌజులు, వేళ్లకు రబ్బరు బ్యాండ్లు, ముక్కు మీద వ్యాజలీన్ పూసిన కళ్లద్దాలు. వృద్ధుల కష్టం స్వయంగా అనుభవిస్తే గాని సృజన పుట్టదని ఆయనగారి సిద్ధాంతం.

ఆ అవతారంలో టేబుల్ మీది మాత్రల సీసా అందుకుని, మూత నొక్కిపట్టి తిప్పాడు.

మూడో ప్రయత్నానికి తెరుచుకుంది.

"చూశావా! ముసలితనం ఏమంత కష్టం కాదు," అంటూ గ్లౌజులు విప్పేసి, మళ్లీ నలభై ఏళ్లవాడయ్యాడు.

బావమరిది చప్పట్లు కొట్టాడు. అతని ఉద్యోగంలో సగం పని అదే. మిగతా సగం, బావ గీసిన బొమ్మలకు నమూనాలు చెయ్యడం.

పిల్లలు తీయకూడదు, పెద్దవాళ్లు ఇట్టే తీయాలి. అలాంటి మూత కావాలని ఒక మందుల కంపెనీ అడిగింది. ఏడాదిగా ఇదే పని. పదకొండింటికి మేనేజరమ్మ వస్తుంది. ఆవిడ సరేనంటే ఆ కంపెనీ గుండెమాత్రల సీసాలన్నిటికీ ఇదే మూత. కాదంటే ఏడాది శ్రమ నీళ్లపాలు.

"బావా, ముందు గదిలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. కంపెనీవాళ్లు పంపారట."

"మూత తీసి చూడ్డానికి వచ్చినవాడై ఉంటాడు. నిన్న ఆరుగురు అయ్యారుగా. ఏడో నంబరు ఇచ్చి లోపలికి పంపు."

పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో గుడ్డసంచీ. చొక్కాకు గుండీలు మాత్రం సగమే పెట్టి ఉన్నాయి.

డిజైనరు కంటికి అది మొరటుతనంగా తోచింది. గుండీలు పెట్టుకోవాలంటే వేళ్లు మాట వినాలన్న సంగతి ఆ గ్లౌజులు చెప్పలేదు పాపం.

"బాబూ, ముందు నేనెవరో చెబుతాను..."

"వద్దు వద్దు! పేరు, ఊరు, కథ ఏవీ చెప్పకూడదు. వింటే మా మనసు ఒక పక్కకు మొగ్గుతుంది. ఇక్కడ మీరు ఏడో నంబరు. అంతే."

అలా అన్న మనిషి వెనక గోడ మీద మూరెడేసి అక్షరాలతో రాసి ఉంది: 'మనిషితో మనసు కలపడమే డిజైన్.'

పెద్దాయన దాన్ని ఓపిగ్గా చివరిదాకా చదివాడు. తర్వాత సీసా అందుకున్నాడు.

నొక్కాడు. తిప్పాడు. మూత ఊరికే గిరగిరా తిరిగింది.

"నొక్కిపట్టి తిప్పాలండీ. రెండూ ఒకేసారి."

"అదే బాబూ చిక్కు. నొక్కే బలం తెచ్చుకునేసరికి తిప్పే బలం పోతోంది. నొక్కే పనే లేకుండా, అరచేత్తో పక్కకు తోస్తే జరిగేలా ఉంటే..."

"ఏడో నంబరుగారూ, ఆలోచించడం మా పని. మూత తీయడం మీ పని."

పెద్దాయన మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి సీసాను పొట్టకు ఆనించుకుని పెనుగులాడాడు. నుదుట చెమట పట్టింది. ఊపిరి బరువెక్కింది.

డిజైనరుకు నవ్వొచ్చింది.

"ఎందుకండీ అంత కంగారు? ఇప్పుడేమన్నా ప్రాణం మీదికొచ్చిందా?"

"గుండెమాత్ర ప్రాణం మీదికొచ్చినప్పుడే కదా బాబూ తీసేది."

బావమరిది తలెత్తాడు. డిజైనరు మొహం ఎర్రబడింది.

"నిన్న ఆరుగురు తీశారు. మా అత్తగారు కూడా ఇట్టే తీసేసింది!"

"మా అమ్మ చేతులు వంటింటి డబ్బాలతో రాటుదేలిపోయాయి బావా..."

"నువ్వు నోర్మూసుకో." డిజైనరు పెద్దాయన చేతిలోంచి సీసా లాక్కున్నాడు. "మూత తీయడం కూడా చేతకానివాళ్లను పంపితే నేనేం చెయ్యాలి? లోపం మూతలో లేదండీ. మీ చేతుల్లో ఉంది."

పెద్దాయన తన చేతులవైపు చూసుకున్నాడు.

"ఇన్నాళ్లూ నేనూ అదే అనుకుంటున్నాను బాబూ," అని, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

"రాసుకో," అన్నాడు డిజైనరు. "ఏడో నంబరు: సహకరించలేదు."

చెప్పిన వేళకంటే ముందే మేనేజరమ్మ వచ్చింది. డిజైనరు గొంతు సవరించుకుని సృజన అన్నాడు, ప్రయోజనం అన్నాడు, మానవ సంబంధాల దాకా వెళ్లాడు. ఆవిడ కూర్చోలేదు.

"మెట్ల మీద పెద్దాయన ఎదురయ్యారు. పిలిచినా ఆగలేదు. ఏం జరిగింది?"

"ఆయనా? వదిలెయ్యండి మేడం. ఏడుగురిలో ఆరుగురు పాసయ్యారు."

"మేం ఆయన్ని పరీక్షకు పంపలేదు. మూత ఎలా ఉండాలో మీకు చెబుతారని పంపాం."

బావమరిది పరుగున బయటికి వెళ్లాడు. మెట్లు ఖాళీ. వీధి చివరిదాకా చూసి, ఒక్కడే తిరిగొచ్చాడు.

"మా పాత మూత మార్చమని మూడేళ్లపాటు ఉత్తరాలు రాశారాయన," అంది ఆవిడ. "అవి చదివాకే మీకీ పని అప్పగించాం. ఆయన సరేనన్నాకే కొత్త మూత ఖాయం చేస్తామని మాటిచ్చాం. ఆయన గురించి ముందే మీకు ఫోన్ చేస్తానంటే వద్దన్నారు, నేనే చెప్పుకుంటానన్నారు. చెప్పలేదా?"

డిజైనరు చేతిలో సీసా ఇంకా అలాగే ఉంది.

"లేదండీ... ఇంతకీ ఎవరాయన? పెద్ద డాక్టరా? ఇంజనీరా?"

"కాదు," అంది మేనేజరమ్మ. "భార్య గుండె పట్టుకుని కళ్లముందే కూలిపోతుంటే, మా సీసా మూత తీయలేకపోయిన మనిషి."