నోరు తిరగని పేరు

“మళ్లీ ఆగావు!” శ్రీరామ్మూర్తి బల్ల మీద కొట్టాడు. “‘చికిత్స’ అన్నావు, ‘చర్యలు’ అన్నావు, ఒత్తులన్నీ చక్కగా పలికావు. తీరా మనిషి పేరు దగ్గర గొంతు పట్టేస్తుందేం?”

“మళ్లీ సదువుతాను సార్,” అంది పైడితల్లి.

“చదువుతాను.”

“చదువుతాను.”

రిటైరైన న్యూస్ రీడర్ శ్రీరామ్మూర్తి విశాఖ సీతమ్మధారలో తన ఇంటి ముందు గదిలోనే టీవీ వార్తలు చదవడం నేర్పుతాడు. ఎవరి వార్త వాళ్లే రాసుకురావాలని ఆయన నియమం. కోర్సు చివరి రోజున లోకల్ కేబుల్ ఛానల్లో ఒక్కొక్కరి చేత ఒక్కో వార్త లైవ్‌లో చదివిస్తారు. మిగతావాళ్లు బీచ్ సంబరాలనీ, కొత్త సినిమాలనీ రోజుకోటి తెచ్చేవాళ్లు. ఈ మొండిఘటం మాత్రం వచ్చిన రోజు నుంచీ ఒకటే వార్త.

“పరవాడలోని ఓ మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలి మరణించిన కాంట్రాక్టు కార్మికుడు...” పైడితల్లి పెదాలు మళ్లీ బిగుసుకున్నాయి.

“సింహాద్రి! ఈ ఊళ్లో ఆ పేరు గలవాళ్లు వీధికి నలుగురున్నారమ్మా. పలకలేకపోతే ‘ఓ కార్మికుడు’ అనేసి దాటెయ్.”

“దాటను.” ఆమె గొంతు ఖంగుమంది. “ఆ పేరు గలోడెవుడూ మా కాడ పని సెయ్యలేదని కంపెనీవోళ్లు అంతన్నారు. పేరే తీసేత్తే ఇంకేటి మిగుల్తాది సార్? నాను పేరుతోటే సదువుతాను.”

సరిదిద్దబోయి ఊరుకున్నాడు శ్రీరామ్మూర్తి. పిల్లకి పొగరెక్కువే గానీ, ఆ పొగరు ఆయనకు నచ్చింది. ఇంతలో లోపలి నుంచి భార్య సూర్యకాంతమ్మ, “ఏవండోయ్, మిమ్మల్నే! కాఫీ చల్లారిపోతోంది” అని కేకేసింది.

లైవ్ రోజున ఛానల్ మేనేజర్ అడ్డం పడ్డాడు. “కంపెనీ కాదంటున్న పేరు మనకెందుకండీ? తీసేసి చదవమనండి.”

“పేరుతోనే చదువుతుంది. కాదంటే మా వాళ్లెవరూ చదవరు,” అన్నాడు శ్రీరామ్మూర్తి. ఈ మొండితనం తనకెప్పుడు అంటుకుందో ఆయనకే తెలియలేదు.

ఎర్రదీపం వెలిగింది. పైడితల్లి కెమెరాలోకి సూటిగా చూసింది.

“...మరణించిన కాంట్రాక్టు కార్మికుడు సింహాద్రి.” ఆగలేదు, వణకలేదు. అది చాలదన్నట్టు వార్త చివర మరోసారి అంది. “ఆయన పేరు సింహాద్రి.”

బయటికి రాగానే శ్రీరామ్మూర్తి సంతోషం పట్టలేకపోయాడు. “శభాష్! ఇక నువ్వు ఏ ఛానల్‌కైనా వెళ్లొచ్చు. ఉద్యోగం సంగతి నేను మాట్లాడనా?”

“ఉజ్జోగానికి రాలేదు సార్,” అంది పైడితల్లి, కళ్లు తుడుచుకుంటూ.

“మొగుడి పేరు పలకడం నేర్సుకోడానికొచ్చాను.”