ఆదివారం దారి

“చూడండి మేడమ్, సార్ ఎటు వెళ్ళారో ఇందులో గీతలా పడిపోతుంది. ఏ మలుపు తిరిగారు, ఏ గుమ్మం ముందు ఎంతసేపు ఆగారు, అంతా మీ ఫోన్లో చూసుకోవచ్చు,” అంటూ సైకిళ్ళ షాపు సేల్స్‌మన్ అగ్గిపెట్టెంత జీపీఎస్‌ని కౌంటరు మీద పెట్టాడు.

గుమ్మం అన్న మాట వినగానే అద్దాలాయన గుండెల్లో రాయి పడింది. కళ్ళజోళ్ళ షాపులో పాతికేళ్ళుగా అద్దాలు అరగదీస్తున్నాడు కాబట్టి అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. వెంట్రుకంత గీతయినా అతని కంటికి ఆనుతుంది. ఇప్పుడు ఆ తెర మీది నీలం గీత మాత్రం కొండచిలువలా కనిపిస్తోంది.

పోయిన ఆదివారం సైకిల్ క్లబ్బులో ఒకాయన చెరువు దారిలో గోతిలో పడి, రెండు గంటలు ఎవరికీ తెలియకుండా అక్కడే ఉండిపోయాడు. అద్దాలాయన భార్య ఫిజియోథెరపిస్టు. ఆ విరిగిన కాలికి కట్టు విప్పకముందే ఆయన ఆవిడ దగ్గరికి సలహాకి వచ్చాడు. ఆ రోజు నుంచీ ఆవిడ జీపీఎస్ కొనాల్సిందేనని పట్టుబట్టింది. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతుంది. సరేనంటే కొంప మునుగుతుంది.

ఎందుకంటే అద్దాలాయన ఆదివారాలు చెరువు దాకా వెళ్ళనే వెళ్ళడు. క్లబ్బు వాళ్ళు ఎడమకు తిరిగే చోట అతను కుడికి తిరుగుతాడు. నాలుగు వీధులు దాటితే ఆ ఇల్లు వస్తుంది. అతని కోసం తలుపు తీసే ఉంటుంది. మూడేళ్ళ కిందట పెద్ద గొడవ జరిగి, ఇక ఆ గడప తొక్కనని భార్య చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. ఏడాది నిలబెట్టుకున్నాడు. తర్వాత మనసు ఆగలేదు. సంగతి బయటపడితే ఆవిడ అరవదు, ఏడవదు, మాట్లాడటం మానేస్తుంది. ఆవిడ మానేస్తే ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు. ఆ భయంతోనే రెండేళ్ళుగా నెట్టుకొస్తున్నాడు.

మొదటిదానికి ఎండలో తెర మెరుస్తుందని వంక పెట్టాడు. సేల్స్‌మన్ దాన్ని వీధిలోకి తీసుకెళ్ళి ఎండలో పట్టి చూపించాడు. ఏ మెరుపూ లేదు. పోనీ ధర ఎక్కువన్నాడు. దానికి సగం ధరలో ఇంకొకటి వచ్చింది. అందులో మ్యాపు ఉండదట గానీ, తిరిగిన దారంతా సాయంత్రానికి ఫోనుకి చేరుతుందట. అద్దాలాయన దాన్నీ పక్కకి జరిపాడు.

“దారి అసలు దాచుకోనిది ఏదైనా ఉందా?” అని మామూలుగా అడిగినట్టు అడిగాడు.

“అందరూ దారి కనిపించాలని కొంటారు సార్. మీరేంటి కనిపించకూడదంటారు?”

అద్దాలాయన ఇంకా చవగ్గా వస్తుందేమోనని అన్నాడు. సేల్స్‌మన్ హ్యాండిల్ కొలుద్దామని సైకిలు దగ్గర వంగి, వారానికి ఎంత తొక్కుతారని అడిగాడు. రెండేళ్ళుగా యాభై కిలోమీటర్లన్నాడు అద్దాలాయన.

“యాభయ్యా? రెండేళ్ళ నుంచీనా? టైరు గాట్లు ఇంకా కొత్తగానే ఉన్నాయే.”

ఇక దొరికిపోయానని అద్దాలాయన అనుకున్నాడు. భార్య వంగి టైరు మీద వేలితో ఒకసారి రాసి చూసింది.

“మా ఆయన మెల్లగా తొక్కుతారు,” అంది.

సేల్స్‌మన్ నవ్వాడు. అద్దాలాయనకు నవ్వు రాలేదు. ఆవిడ సేల్స్‌మన్ వైపు తిరిగి, మనిషి పడితేనే కబురు పంపేది, మిగతా సమయమంతా నోరు మూసుకుని ఉండేది ఉందా అని అడిగింది. అతను కింది అరలోంచి ఒక నల్లటి ముక్క తీశాడు. అది వేగం, దూరం చూపిస్తుంది. సైకిలు గట్టిగా పడితే మాత్రం ఎక్కడ పడిందో ఇంటికి కబురు పెడుతుంది. షాపులో అన్నిటికన్నా చవక.

“కానీ మేడమ్, మామూలప్పుడు సార్ ఎక్కడున్నారో మీకు తెలియదు,” అన్నాడు, ఖరీదైన దాన్ని మళ్ళీ ముందుకు జరుపుతూ.

“అక్కర్లేదు. ఇదే ఇవ్వండి.”

గండం గడిచింది. హాయిగా ఊపిరి పీల్చుకోవాల్సిన అద్దాలాయనకు సిగ్గేసింది. ఇంతగా నమ్మే మనిషిని రెండేళ్ళుగా మోసం చేస్తున్నానని మొదటిసారి గట్టిగా అనిపించింది. ఇంటికి వెళ్ళగానే చెప్పేద్దామనుకున్నాడు. రెండడుగులు వేశాక ఆ ధైర్యం కాస్తా జారిపోయింది.

సైకిలు నడిపించుకుంటూ ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఆవిడ కొత్త జీపీఎస్ గట్టిగా బిగించారో లేదో అని కదిపి చూసింది. సందు మొదట్లో ఆగి, అతని మొహంలోకి చూడకుండా అంది.

“రేపు వెళ్ళినప్పుడు నేను అడిగానని మా అన్నయ్యతో చెప్పండి.”