ఎవడి కంపు

"వద్దు మెదింగక్కా, ఈ సరుకు నేను తీసుకోను." ఇలోయిలో నగరంలోని హోటళ్ళకు ఆల్చిప్పలు చేరవేసే ఇల్దే, నిండు బుట్టను వెనక్కి నెట్టాడు. "పోయిన వారం తిన్నవాళ్ళందరికీ వాంతులూ విరేచనాలే. పరీక్ష చేయిస్తే మీ నీళ్ళలో మలం ఉందని తేలింది."

మెదింగ్‌కు ఒళ్ళు మండిపోయింది. వలలకు చేపలు పడడం మానేశాక, ఊరి ఆడవాళ్ళను కూడగట్టి, సముద్రంలో వెదురుగుంజలు పాతించి, తాళ్ళకు ఆల్చిప్పలు పెంచడం నేర్పింది తనే.

"ఆ ఏటి ఎగువ పందుల కొట్టం వాడి పనే ఇది! థూ! వాడి కంపు మేం మొయ్యాలా?"

"అది మూతబడి ఏడాదైంది కదక్కా."

"మరి ఎవడు? చూపించు, వాడి అంతు చూస్తా!"

ఇంటి వెనక, నీళ్ళ మీద కట్టిన తడికల మరుగుదొడ్డిలోంచి మామగారి దగ్గు వినిపించింది. వెంటనే కింద నీళ్ళలో బుడుంగుమని చప్పుడైంది.

కాపురానికి వచ్చిన నాటినుంచీ మెదింగ్ ఆ చప్పుడు వింటూనే ఉంది. ఇవాళే అటు తిరిగి చూసింది. దొడ్డికి పది బారల దూరంలో ఆమె ఆల్చిప్పల తాళ్ళు వేలాడుతున్నాయి. ఒడ్డు పొడుగునా ఇంటింటికీ అలాంటి దొడ్డే.

పొద్దున మనవరాలికి తన చేత్తో ఒలిచి పెట్టిన ఆల్చిప్పలు గుర్తొచ్చాయి. అక్కడే వంగి కక్కుకుంది.

మూతి తుడుచుకుని, కొడవలి తీసుకుని వెళ్ళి తడిక బాదింది.

"మావయ్యా, బయటికి రండి. దీన్ని నరికేస్తున్నా."

"పిచ్చెక్కిందా? రేపట్నుంచి నేనెక్కడికెళ్ళాలే?"

"గట్టు మీద గొయ్యి తవ్విస్తా. ముందు మనది, తర్వాత ఊరందరిదీ."

మొదటి గుంజ మీద దెబ్బ పడగానే ముసలాయన నిక్కరు పట్టుకుని బయటికి దూకాడు.