రైతింటి ఇల్లాలు

మ్యూజియంలో పెట్టిన పాత వర్జీనియా రైతింట్లో లొరేన్ పదకొండేళ్లుగా 1760 నాటి ఇల్లాలి వేషం కట్టి, చూడవచ్చినవాళ్లకు ఆ కాలం సంగతులు చెబుతోంది.

ఆ రోజు ఒకామె పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. బయటినుంచి భర్త రెండుసార్లు కేకేశాడు. ఉలిక్కిపడింది గాని కదల్లేదు.

“ఆ రోజుల్లో మొగుణ్ణి వదిలేసిన ఆడవాళ్లు ఎక్కడికి పోయేవాళ్లండీ?” అంది మెల్లగా.

“పారిపోయిందని మొగుడు పేపర్లో వేయించేవాడు...” లొరేన్ రోజూ చెప్పే జవాబే మొదలుపెట్టింది. అంతలో ఆమె మెడ మీద కమిలిన వేళ్ల గుర్తులు కనిపించాయి.

“పాలగదికి వెనక తలుపుంది. దారి చివర మా ఆఫీసు. అక్కడ చెప్పు తల్లీ. పరిగెత్తకు, నడిచే వెళ్లు.”

కాసేపటికి భర్త లోపలికొచ్చాడు. “మా ఆవిడేది?”

లొరేన్ గంటె తిప్పడం ఆపలేదు. “ఎవరు బాబూ? మా ఆయన పొలానికి వెళ్లారు. ఇంట్లో నేనొక్కదాన్నే.”