తలుపు బయటి ముఖం

నోలీన్ అప్పుడే మూడోసారి కోటు తొడుక్కుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది.

“ఐదున్నర పడవ దాటిపోతే మా ఆయన ఐవర్ కంగారు పడతాడు,” అంది.

“ఇంకా బోలెడు టైముంది నోలీన్ గారూ,” అంది మేలే, టీ కప్పు పక్కన పెడుతూ. “ఆ ఒక్క తలుపూ అయిపోతే చాలు.”

ఆ ఒక్క తలుపే నోలీన్‌ను నిలవనివ్వడం లేదు. నలభై ఏళ్ళుగా ఈ నది ఒడ్డు ఊళ్ళో, హోబార్ట్‌లో ఎన్ని ఇళ్ళకు కిటికీలూ గుమ్మాలూ గీసిందో లెక్కలేదు. మొదట బల్ల మీద, తర్వాత కంప్యూటరులో. వెడల్పు గడిలో అంకె మారిస్తే చాలు, ద్వారబంధం దానంతటదే సర్దుకుంటుంది. అద్దాలెన్ని, పలకలెన్ని, రంగేమిటి, అన్నీ అంతే. అంకెలు ఆమె దగ్గర ఎప్పుడూ మొండికెయ్యలేదు.

ఈసారి పని ఓ వృద్ధాశ్రమానిది. అక్కడ గది తలుపులన్నీ ఒకటే తెలుపు. ఓ పెద్దావిడ తన గదిని పోల్చుకోలేకపోతోంది. పొద్దు వాలితే చాలు, నడవా పొడుగునా తిరుగుతూ ప్రతి తలుపూ తట్టి “మా ఇల్లేదీ?” అని అడుగుతుందట. ఆవిడ పాత ఇంటి వీధి తలుపును గీసి, నిలువెత్తున అచ్చు వేసి, గది తలుపు మీద అతికిద్దామని మేలే పట్టుబట్టింది. సోమవారం లోపల గది గుర్తుపట్టకపోతే ఆవిణ్ణి తాళాలేసి ఉంచే పై అంతస్తుకు మార్చేస్తారు.

“పైకి పోయినవాళ్ళు మళ్ళీ కిందికి దిగడం నేను చూళ్ళేదు,” అన్నాడు ఎదుటి కుర్చీలోంచి మెర్విన్.

మెర్విన్ రోజంతా పేపరు చదవడం తప్ప ఏ పనీ చెయ్యడు. ఈ ఆఫీసులో అతన్ని ఎందుకు పెట్టుకున్నారో నోలీన్‌కు అర్థం కాదు.

“నీ వాగుడు లేకపోతే ఈపాటికి అయిపోయేది,” అంది.

“నేనేం చేశాను తల్లీ! గియ్యడానికి గంట, చెరపడానికి రెండు గంటలు. నీ తలుపు తయారయ్యేలోపు నాకు నూరేళ్ళూ నిండేట్టున్నాయి.”

“నిండనీ. నీ శవపెట్టె కూడా నేనే గీస్తాను. ఆ పొట్టకు మూత పడుతుందో లేదో!”

మేలే పగలబడి నవ్వింది. అంతలోనే ఆమె మొహం వాడిపోయింది.

“నేను గీసిన మొదటి బొమ్మ పనిచెయ్యలేదండీ. నిన్న అతికించాం. ఆవిడ చూసింది. చూసి, గిరుక్కున తిరిగి వీధివైపు నడిచింది. గేటు దాకా వెళ్ళి పట్టుకొచ్చాం. ఉన్న ఒక్క ఫొటో చూసే గీశాను, తప్పెక్కడో తెలియడం లేదు.”

నోలీన్ ఫొటో అందుకుంది. ముదురాకుపచ్చ తలుపు. దానికో గొలుసు. పక్కన కొక్కేనికి మగవాళ్ళ టోపీ. ఆ టోపీని కాస్త ఎక్కువసేపే చూసింది. తర్వాత కళ్ళజోడు సర్దుకుని గట్టిగా నవ్వింది.

“పిచ్చిపిల్లా! గొలుసు ఎటువైపు ఉంటుందే? ఇది లోపలి ముఖం. గుమ్మాన్ని బయట నిలబడి గియ్యాలి. పనిలో చేరిన మొదటి రోజు నేర్పే పాఠం.”

“ఎటునుంచి చూసినా అదే తలుపు కదండీ?”

“అదే ఎలా అవుతుంది? ఇది ఇల్లు విడిచి పోయేవాళ్ళకు కనబడే తలుపు. దీన్ని చూపిస్తే ఎవరైనా ఏం చేస్తారు? బయల్దేరతారు!”

మెర్విన్ పేపరు దించాడు.

బయటి ముఖానికి ఫొటో లేదు. నోలీన్ అడగనూ లేదు. ఇప్పటి ఇళ్ళ కొలత ఎనిమిది వందల ఇరవై మిల్లీమీటర్లను చెరిపేసి, పాతకాలపు ముప్పై నాలుగు అంగుళాలకు సరిపడా అంకె కొట్టింది. ద్వారబంధం జరిగి చోటిచ్చింది. పైన గరుకు అద్దం, రెండు పలకలు. నడుమెత్తున ఉత్తరాలు వేసే సందు, దానికి ఇత్తడి రేకు. ఇంటి నంబరు ఏడు, కొంచెం పక్కకు ఒరిగి. కింద ఎడమ మూల కుక్క గీరిన గీతలు.

“లోపలే ఆకుపచ్చ. బయట ఇటుక ఎరుపు,” అంటూ రంగు మార్చింది.

“ఇవన్నీ మీకెలా తెలుసండీ?” అడిగింది మేలే.

“నలభై ఏళ్ళ పని. ఆ కాలపు తలుపులన్నీ ఇంతే,” అంది నోలీన్ విసుగ్గా. “పాపం, ఎంతలా తిరిగిందో! అయినా సొంత గుమ్మం మరిచిపోవడమేమిటి, చోద్యం కాకపోతే?”

నోలీన్ లేచి కిటికీ దాకా వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. నది మీద వెలుగు తగ్గుతోంది.

మర్నాడు అచ్చు వచ్చింది. మేలే తనే నిచ్చెనెక్కి, ఎక్కడా బుడగ లేవకుండా అతికించింది.

సాయంత్రమైంది. మేలే, మెర్విన్ నడవా చివర నిలబడ్డారు. పన్నెండో గది తలుపు తట్టిన చప్పుడైంది. తర్వాత పదమూడోది.

పద్నాలుగో గది ముందు నోలీన్ అడుగులు ఆగాయి. ఇటుక ఎరుపు తలుపును ఒకసారి తడిమి, కాళ్ళు తుడుచుకుని, ఎవర్నీ ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళి తన మంచం మీద కూర్చుంది.